వాహనపూజలో అడిగే రక్ష ఎవరిది?

చిన్నపిల్లలున్న కుటుంబం కారు కొనుక్కోవడం ధర్మవిచారానికి తగినంత పెద్ద విషయమా అన్న సందేహం సహజమే. కాని గృహస్థు తన ధనాన్ని ఎలా వెచ్చించాలి, తనవారిని ఎలా కాపాడుకోవాలి, ఆ కాపాడుకోవడంలో పరాయివారికి కీడు కలగకుండా ఎంతవరకు జాగ్రత్తపడాలి అన్న మూడు ప్రశ్నలూ ఒకేచోట కలిసే సందర్భం నేటి సంసారంలో ఇంతకన్న స్పష్టమైనది కనిపించడం కష్టం. హైదరాబాదుకు ఉత్తరపు అంచున ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో ఈ ప్రశ్నలకు మరింత పదును వస్తుంది. అక్కడి కుటుంబం కొత్త కారును షోరూం నుంచి నేరుగా గుడికి తీసుకుపోతుంది, గుడి నుంచి నేరుగా పెద్ద రహదారి ఎక్కుతుంది. గుడిలో అడిగేది రక్ష. ఆ రక్ష కారులో కూర్చున్న పిల్లలకు మాత్రమేనా, ఆ కారు ఎదుట రోడ్డు దాటుతున్న పిల్లలకు కూడానా అన్నదే ఈ వ్యాసంలో విచారించే విషయం.

ముందుగా ఆ నేల సంగతి తెలియాలి. 2016 అక్టోబరు 11న పాత రంగారెడ్డి జిల్లా నుంచి విడివడిన మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాకు కలెక్టరేటు శామీర్‌పేట పక్కనున్న అంతాయిపల్లిలో ఉంది. సికింద్రాబాదు నుంచి బోయినపల్లి, సుచిత్ర, కొంపల్లి మీదుగా మేడ్చల్ దాటి తూప్రాన్, కామారెడ్డి వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి ఒకటి, అల్వాల్, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట చేరి సిద్దిపేట, కరీంనగర్ వైపు పోయే రాజీవ్ రహదారి ఒకటి, ఈ రెండింటినీ అడ్డంగా కలిపే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఒకటి, ఈ మూడూ కలిసి అక్కడి జీవితాన్ని శాసిస్తున్నాయి. తుర్కపల్లి దగ్గరి జీనోమ్ వ్యాలీ, శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ పిలానీ ప్రాంగణం, వీటి చుట్టూ లేచిన కాలనీలు ఒక తరంలోనే ఊళ్ల రూపు మార్చేశాయి. బడి ఒకచోట, కొలువు మరొకచోట, ఆసుపత్రి ఇంకొకచోట ఉన్న ఈ బతుకులకు తగినంత ప్రజా రవాణా మాత్రం ఇంకా అమరలేదు. 2023 ఏప్రిల్‌లో ఎంఎంటీఎస్ రెండో దశ రైళ్లు మేడ్చల్ దాకా వచ్చినా శామీర్‌పేటకు ఆ వసతి లేదు. సికింద్రాబాదులోని జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి ఈ రెండు ఊళ్లకూ మెట్రో మార్గాల కోసం సమగ్ర నివేదిక సిద్ధం చేయాలని ప్రభుత్వం ఆదేశించింది 2025 జనవరిలో. కాబట్టి ఇక్కడ కారు కొనడం చాలామందికి విలాసం కాదు, దూరం మోపిన బరువును దించుకునే ప్రయత్నం.

ధర్మం, అర్థం, కామం, మోక్షం అని పెద్దలు లెక్కపెట్టిన నాలుగు పురుషార్థాల్లో అర్థానికి, అంటే సంపదకూ దానితో సమకూర్చుకునే సాధనాలకూ, గౌరవమైన స్థానమే ఉంది. అది ధర్మానికి లోబడి నడవాలన్నది ఒక్కటే నియమం. కారును ఆడంబరమని ఈసడించే వైరాగ్యపు మాటలు పసిబిడ్డను చంకనేసుకుని మండుటెండలో షేర్ ఆటో కోసం నిలబడ్డ తల్లికి చెప్పదగినవి కావు. తీర్చగలిగినంత అప్పే చేయడం, నెలనెలా కట్టే ఈఎంఐ పిల్లల చదువు ఖర్చును మింగకుండా చూసుకోవడం, పక్కింటివాళ్ల కారును చూసి తమ అవసరాన్ని పెంచుకోకపోవడం వంటివి అర్థం ధర్మానికి లోబడి ఉండడంలో అందరికీ తెలిసిన సంగతులే గనుక వాటిని ఇక్కడ పొడిగించనక్కరలేదు. చిక్కు వచ్చేది రక్షణ దగ్గర.

కొంపల్లి, సుచిత్ర ప్రాంతాల షోరూముల్లో సెలవుదినాల్లో మూడు తరాల కుటుంబాలు కలిసి కార్లు చూడడం మామూలు దృశ్యం. తండ్రి ఆన్‌రోడ్ ధరా మైలేజీ అడుగుతాడు, తాత డిక్కీలో బియ్యం బస్తా పడుతుందా అని చూస్తాడు, నానమ్మ మోకాళ్లు సహకరించేటంత ఎత్తులోనే మెట్టు ఉందా అని ఒకసారి ఎక్కి దిగుతుంది, పిల్లలు ముందున్న పెద్ద తెర దగ్గర ఒకరు, పైకప్పులోని సన్‌రూఫ్ కింద ఒకరు చేరతారు. ఏడు సీట్ల బండి అయితే చివరి వరుస ఎవరికన్న ప్రశ్న వస్తుంది. పిల్లలే కదా, వెనక సర్దుకుంటారు అన్న మాటతో అది తేలిపోతుంది. ఆ చివరి వరుసలో కూర్చున్న బిడ్డ తలకూ వెనక అద్దానికీ మధ్య జానెడు చోటైనా ఉందా, మధ్య సీటుకు నడుము మీదుగానే కాక భుజం మీదుగా కూడా పట్టే బెల్టు ఉందా, పసిబిడ్డల సీటును కారు చట్రానికి నేరుగా తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు ఎన్ని చోట్ల ఉన్నాయి అన్న ప్రశ్నలు ఆ సందడిలో అరుదుగా వినిపిస్తాయి. 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్షా విధానంలో కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడకు గుద్దించి, లోపల పెద్దల బొమ్మలతో పాటు ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల బొమ్మలను కూడా ఉంచి, పెద్దలకు ఎంత రక్షణ, పిల్లలకు ఎంత రక్షణ అన్నది విడివిడిగా నక్షత్రాల్లో ప్రకటిస్తారు. పెద్దల నక్షత్రాలు చూసి తృప్తిపడి పిల్లల నక్షత్రాలు అడగకుండా వచ్చేసిన తల్లిదండ్రులు కారును పిల్లల కోసమే కొన్నామని చెప్పుకోవడంలో నిజాయితీ ఉన్నా విచారణ లేదు.

విచారణ లేకపోవడానికి మూలం ఒక గాఢమైన నమ్మకం. బిడ్డకు తల్లి ఒడిని మించిన క్షేమస్థానం లేదన్నది తెలుగు మనసులో ప్రశ్నకు అందనంత లోతున ఉన్న మాట. ఇంట్లో అది నిజమే. కారులో కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నో గుద్దుకుని అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకుంటే, లోపలున్నవారిని ఆపడానికి వారి బరువుకు సుమారు 20 రెట్ల బలం కావాలి. అంటే 10 కిలోల బిడ్డను పట్టి ఉంచడం ఆ క్షణంలో 200 కిలోల బరువును పట్టి ఉంచడంతో సమానం, అది ఏ తల్లి చేతులకూ సాధ్యం కాదు. ఈ లెక్కను గుర్తించే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 194బి సెక్షనులో, 14 ఏళ్లలోపు పిల్లలను సీటు బెల్టుతోగాని వారి వయసుకు తగిన ప్రత్యేక సీటుతోగాని భద్రపరచకుండా బండి నడిపేవారికి 1,000 రూపాయల జరిమానా పెట్టింది.

శ్రీవైష్ణవంలో భగవంతుడి రక్షణను వివరించడానికి వాడే రెండు న్యాయాలు ఇక్కడ గుర్తుకు రావడం సహజం. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకుంటుంది గనుక జీవుడి ప్రయత్నం కూడా కావాలనే వడగలై సంప్రదాయపు వాదానికి మర్కట కిశోర న్యాయమని, పిల్లికూనను తల్లే నోట కరచుకుని తీసుకుపోతుంది గనుక భారమంతా భగవంతుడిదే అనే తెంగలై వాదానికి మార్జాల కిశోర న్యాయమని పేరు. శతాబ్దాలుగా సాగిన ఆ వాదంలో ఇరుపక్షాలూ ఒక విషయాన్ని చర్చ లేకుండానే ఒప్పుకున్నాయి: పట్టుకునేది బిడ్డైనా తల్లైనా ఆ పట్టు నిలుస్తుంది అని. భగవంతుడి విషయంలో అది విశ్వాసం. మానవమాత్రుల విషయంలో మాత్రం వేగం పెరిగినకొద్దీ బిడ్డ పట్టూ తల్లి పట్టూ రెండూ విడిపోతాయి. కాబట్టి ఏడుస్తున్న బిడ్డను ఒళ్లోకి తీసుకోకుండా ప్రత్యేక సీట్లోనే ఉంచి, కావలసివస్తే బండి పక్కకు ఆపి ఊరడించే తల్లి వాత్సల్యంలో తక్కువది కాదు. తన చేతులు చేయలేని పని ఏదో ఆమెకు తెలుసు.

ఇక గుడి దగ్గరికి రావాలి. సికింద్రాబాదు తాడ్‌బంద్‌లోని వీరాంజనేయస్వామి ఆలయం ఉత్తర హైదరాబాదువారికి వాహనపూజ అనగానే గుర్తొచ్చే చోటు. శామీర్‌పేట వైపువారు కొందరు అలియాబాద్ దగ్గరి రత్నాలయానికి, ఇంకొందరు కీసరగుట్టకు, మొక్కు ఉన్నవారు కొమురవెల్లికో కొండగట్టుకో బండి తోలుకుపోతారు. అర్చకుడు బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక వేసి, ఇంటివారి గోత్రనామాలతో సంకల్పం చెప్పించి, హారతి ఇచ్చి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించి బండిని ముందుకు కదపమంటాడు. చక్రం కింద కాయ చితికిన చప్పుడు విని పిల్లలు చప్పట్లు కొడతారు, పెద్దలు గుమ్మడికాయతో దిష్టి తీసి పక్కన పగలగొడతారు. ఇదంతా మూఢనమ్మకమని కొట్టిపారేసే హేతువాదం తొందరపాటుతో కూడింది. ఎంత జాగ్రత్తగా నడిపినా ఎదురుగా వచ్చేవాడి నిద్రమత్తు మీద, వానలో కనపడని గుంత మీద, పగిలిపోయే టైరు మీద మనిషికి అధికారం లేదు. ఫలితం పూర్తిగా తన చేతిలో లేదన్న ఆ ఎరుకను నలుగురి ఎదుట, దేవుడి ఎదుట ఒప్పుకోవడమే ఈ పూజలోని సారం అనుకుంటే అందులో తప్పుపట్టవలసింది ఏమీ కనిపించదు. కొత్త వస్తువు ఇచ్చే గర్వం మీద అది ఒక అదుపు కూడా.

చిక్కు పూజలో లేదు, పూజ తరవాతి నిమిషంలో ఉంది. స్వామి కుంకుమ పెట్టించుకున్న బండి గుడి గేటు దాటేటప్పుడు రెండేళ్ల బిడ్డ ముందు సీట్లో తల్లి ఒళ్లో ప్రసాదం పట్టుకుని ఉంటే, వెనక సీట్లో బెల్టులు సీటు సందుల్లోకి మడిచి ఉంటే, అక్కడ పూజ పురుష ప్రయత్నానికి తోడు రాలేదు, దాని స్థానాన్ని ఆక్రమించింది. దైవం అంటే మన ఎరుకకు అందని కారణాల సముదాయం, పురుషకారం అంటే బుద్ధిపూర్వకమైన మానవ ప్రయత్నం. ఈ రెండింటిలో ఏది గొప్పదని ధర్మరాజు భీష్ముణ్ణి అడిగిన ప్రశ్న భారతం ఆనుశాసనిక పర్వంలో ఉంది. ప్రయత్నం లేని చోట దైవం ఫలించదన్నదే అక్కడి సమాధానపు మొగ్గు. యాజ్ఞవల్క్య స్మృతి రాజధర్మాన్ని చెప్పే సందర్భంలో ఇదే విషయాన్ని వాహనం పేరుతోనే చెప్పింది: ఒంటి చక్రంతో రథం నడవనట్టే పురుషకారం లేకుండా దైవం సిద్ధించదు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యానాన్ని 13వ శతాబ్దంలోనే మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు చేశాడు గనుక, ఈ ధర్మశాస్త్ర సంప్రదాయం తెలుగువారికి పరాయిది కాదు. ఒంటెను కట్టేసి ఆపైన దేవుడి మీద భారం వేయమని ప్రవక్త చెప్పినట్టు తిర్మిజీ సంకలనంలో ఉన్న హదీసును మేడ్చల్ మసీదులో నమాజు చేసే తండ్రి ఎరుగును. ఆలయ శిఖరం మీది నుంచి దూకి దేవదూతల రక్షణను పరీక్షించమన్న శోధకుడి మాటను యేసు తోసిపుచ్చిన ఘట్టాన్ని కొత్త కారుకు పాస్టరు చేత ప్రార్థన చేయించుకునే తల్లి మత్తయి సువార్తలో చదివే ఉంటుంది. ఇన్ని మార్గాలూ ఒకచోట ఏకీభవించాయంటే అది మానవ స్వభావంలోని ఒక పాత బలహీనతకు విరుగుడుగానే అయి ఉండాలి.

అయితే ఇంతదాకా చెప్పినదంతా సొంత బిడ్డ చుట్టూనే తిరిగింది. దైవాన్ని నమ్మి, ప్రయత్నం కూడా లోపం లేకుండా చేసి, మంచి నక్షత్రాలున్న బండి కొని, బెల్టులు పెట్టుకుని బయలుదేరిన కుటుంబం ధర్మాన్ని పూర్తిగా నెరవేర్చినట్టేనా? ఇక్కడే ఒక చిన్న వస్తువును దగ్గరగా చూడవలసి ఉంది. కొత్త కారుకు ముందు భాగాన దట్టమైన ఇనుప గొట్టాలతో బిగించే బంపర్ గార్డును ఒకప్పుడు మన రోడ్ల మీద చాలా బండ్లకు చూసేవాళ్లం, ఇప్పటికీ కొన్నిటికి కనిపిస్తుంది. దాన్ని పెట్టించుకునేవారి ఆలోచన సరళమైనది: ఏదైనా తగిలితే మన బండికి ఏమీ కాకూడదు. నిజానికి కారు ముందు భాగాన్ని నలిగిపోయేటట్టే తయారుచేస్తారు. అది నలగడంలో గుద్దుడు తీవ్రత కొంత ఖర్చైపోయి లోపలివారి దాకా తక్కువగా చేరుతుంది. ఇనుప గొట్టం ఆ నలిగే గుణాన్ని చెడగొడుతుంది, ఎయిర్‌బ్యాగులు సకాలంలో తెరుచుకోవడానికి గుద్దుడును పసిగట్టే యంత్రాంగాన్ని తప్పుదారి పట్టించగలదు, ఎదుట ఉన్నది మనిషైతే, అందులోనూ ఆ గొట్టం ఎత్తుకే తల ఉండే పిల్లవాడైతే, దెబ్బను మరింత ప్రాణాంతకం చేస్తుంది. ఈ కారణాల వల్లనే 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ ఇటువంటి గార్డుల మీద చర్య తీసుకోవాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఎదుటివాణ్ణి లెక్కచేయని రక్షణ చివరికి సొంత బిడ్డను కూడా కాపాడలేదన్నది ఈ ఇనుప గొట్టం దగ్గర కంటికి కనిపించే సత్యం.

ఎదుటివాడు ఎవరన్నది కూడా ఊహకు వదిలేయవలసిన విషయం కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారని, 32,825 మంది కాలినడకన పోతున్నవారని కేంద్ర మంత్రిత్వ శాఖ నివేదిక తెలిపింది. అంటే రోడ్డు మీది మృత్యువు ఎక్కువగా కార్ల బయటే తిరుగుతోంది. మేడ్చల్ రహదారి పక్కనున్న ఊరి బడిపిల్ల మధ్య డివైడర్ ఎక్కి దిగి అవతలి బస్సు కోసం పరుగెత్తేటప్పుడు, ఔటర్ సర్వీసు రోడ్డులో రాంగ్ రూటులో వచ్చే స్కూటరు మీద ముందు నిలబడ్డ నాలుగేళ్ల పిల్లవాడు ఎదురైనప్పుడు, కారులోని కుటుంబానికీ వారికీ మధ్య ఉన్న సంబంధం ఏమిటన్నదే అసలైన ధర్మప్రశ్న.

దీనికి జవాబు గుడిలో అడిగిన రక్షలోనే ఉందని శరణాగతి శాస్త్రం చూసినవారికి తెలుస్తుంది. శరణాగతి అంటే తనను కాపాడే భారాన్ని భగవంతుడికి అప్పగించడం. దానికి పాంచరాత్ర ఆగమాలు ఆరు అంగాలు చెప్పాయి. ఆయనకు అనుకూలంగా నడుస్తానన్న సంకల్పం, ప్రతికూలమైనది విడిచిపెట్టడం, తప్పక రక్షిస్తాడన్న విశ్వాసం, రక్షకుడిగా ఉండమని వేడుకోవడం, తనను తాను సమర్పించుకోవడం, తన అశక్తతను ఒప్పుకునే దైన్యం అన్నవి ఆ ఆరు. వాహనపూజలో భక్తుడు సహజంగా పట్టుకునేది రక్షిస్తాడన్న విశ్వాసాన్నీ, రక్షించమన్న వేడుకోలునూ. కాని వరుసలో వాటికన్న ముందు ఆనుకూల్య సంకల్పం ఉంది, దానికి లక్ష్మీతంత్రం అనే పాంచరాత్ర గ్రంథం ఇచ్చిన వివరణ ఎంతో విలువైనది: భగవంతుడు సర్వప్రాణుల్లోనూ ఉన్నాడు గనుక ఆయనకు అనుకూలంగా ఉండడమంటే సమస్త ప్రాణులకూ అనుకూలంగా ఉండడమే. ఈ వివరణను ఒప్పుకుంటే, రక్ష అడిగే హక్కు రక్ష ఇచ్చే సంకల్పం మీద ఆధారపడి ఉందని ఒప్పుకోక తప్పదు. స్వామి హస్తంలోని అభయముద్రను చూసి దండం పెట్టిన చేయి, అరగంట తరవాత స్టీరింగ్ మీద ఉన్నప్పుడు, రోడ్డు పక్క నడిచేవారికి అభయం ఇస్తోందా భయం పుట్టిస్తోందా అన్నది పూజ ఫలితాన్ని నిర్ణయించే విషయం. ఆలయాల్లో సంకల్పం చెప్పించే అర్చకులు ఈ మొదటి అంగాన్ని కూడా నాలుగు తెలుగు మాటల్లో ఇంటివారి చేత చెప్పిస్తే ఆ క్రతువు ఎంతో నిండుగా ఉంటుంది.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. కన్నబిడ్డ మీద మమకారం సహజం, అది కర్తవ్యం కూడా. తండ్రి సొంత బిడ్డనూ దారినపోయే బిడ్డనూ ఒకే తక్కెడలో తూచాలనడం గృహస్థాశ్రమాన్నే నిరాకరించడం అవుతుంది. ఈ ఆక్షేపణలో చాలా నిజం ఉంది. ధర్మశాస్త్రం అందరికీ వర్తించే అహింస, సత్యం వంటి సామాన్య ధర్మాలనూ, ఒక్కొక్క బాంధవ్యానికి తగిన విశేష ధర్మాలనూ వేరుచేసి చెప్పింది. బిడ్డను పోషించి కాపాడడం తల్లిదండ్రుల విశేష ధర్మమే. అయినా విశేష ధర్మం సామాన్య ధర్మానికి లోపల ఉండి పనిచేస్తుంది గాని దాన్ని రద్దు చేయదు. కాబట్టి తేడా చూడవలసింది ప్రేమ ఎక్కువ తక్కువల్లో కాదు, రక్షణ ఏ రకంగా దొరుకుతోంది అన్నదాంట్లో. సీటు బెల్టు, పిల్లల సీటు, పిల్లలు లోపలినుంచి తలుపు తెరవకుండా ఆపే చైల్డ్ లాక్, మంచి బ్రేకులు, అరగని టైర్లు సొంత బిడ్డను కాపాడుతూ ఎవరికీ హాని చేయవు, బ్రేకులూ టైర్లూ అయితే ఎదుటివారిని కూడా కాపాడతాయి. బంపర్ గార్డు, అవసరానికి మించిన బరువు, ఆ బరువు ఇచ్చే ధీమాతో పెంచే వేగం మాత్రం అపాయాన్ని తగ్గించవు, బయటివారి నెత్తిన వేస్తాయి. తాతా నానమ్మలతో కలిపి ఏడుగురున్న ఇంటికి ఎర్టిగానో క్యారెన్సో ఇన్నోవానో అవసరమే, రెండు బండ్లు తిరిగే చోట ఒకటి తిరిగితే అందరికీ మేలు కూడా. నలుగురున్న ఇల్లు ఎదుటివాడు తగిలినా మనకేమీ కాదన్న లెక్కతో అందరికన్న భారీ బండిని ఎంచుకోవడం వేరు. అన్నిటికన్న ఎక్కువ అధీనంలో ఉన్నది వేగం: 60 నుంచి 80 కిలోమీటర్లకు పెంచితే వేగం మూడో వంతే పెరిగినా గుద్దుడు శక్తి సుమారు ఒకటిముప్పాతిక రెట్లు అవుతుంది, సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల అవకాశం నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొన్న బండి ఏదైనా ఈ ఒక్క నిగ్రహం యజమాని చేతిలోనే ఉంటుంది, దానికి పైకమూ అక్కరలేదు.

కుటుంబం ఎంత వివేకంతో కొన్నా, నడిపినా, దాని చేతిలో లేనిది కూడా చాలా ఉంది. 2014 జూలై 24న, మేడ్చల్ మీదుగా పోయే రైలు మార్గంలోనే మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర, కాపలాలేని లెవల్ క్రాసింగులో నాందేడ్ సికింద్రాబాద్ ప్యాసింజరు రైలు బడి బస్సును గుద్దినప్పుడు పదిమందికి పైగా పసిపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఆ తల్లిదండ్రులు ఏ బండి కొనాలో తప్పుగా ఎంచుకున్నవారు కారు, పిల్లలను బడికి పంపినవారు. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలాలేని క్రాసింగులన్నిటినీ తీసివేయడం 2019 జనవరి నాటికి గాని పూర్తికాలేదు. ప్రాచీనులు ప్రజారక్షణను రాజధర్మంలో మొదట చెప్పడానికి కారణం ఇటువంటి చోట్లే తెలుస్తుంది. బడి ముందు దాటడానికి దారి, సర్వీసు రోడ్డుకు దీపాలు, ఊరికి వేళకు వచ్చే బస్సు ఇవి ఏ ఇంటివారూ షోరూంలో కొనుక్కోగలిగినవి కావు. కారు కొనలేని కుటుంబం సంగతి మరీ కఠినం. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను ద్విచక్ర వాహనం మీద తీసుకుపోయేటప్పుడు నడిపేవారికి బిడ్డను కట్టి ఉంచే పట్టీ, హెల్మెట్ తప్పనిసరి చేస్తూ, వేగం 40 కిలోమీటర్లు మించరాదంటూ 2022 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన నియమం ఏడాది తరవాత అమల్లోకి వచ్చింది. ఆ పట్టీ కట్టుకుని 40 కిలోమీటర్ల వేగంతో నియమం తప్పకుండా వెళ్తున్న తండ్రిని, వెనకనుంచి హారన్ మోగిస్తూ తరిమే కారు ఆ నియమాన్నే నిష్ఫలం చేస్తుంది. అతని బిడ్డ క్షేమంలో కారు యజమానికి భాగం ఉంది.

హారన్ ప్రస్తావన వచ్చింది గనుక మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోని ఒక భాగాన్ని చూడాలి. ఆ గ్రంథం మనుషుల మధ్య పుట్టుకను బట్టి పెట్టిన అంతరాలు అన్యాయమైనవి, వాటిని సమర్థించే అవసరం ఎవరికీ లేదు; కాని వాహన ప్రమాదాల బాధ్యతను అంత పూర్వం, అంత వివరంగా ఆలోచించిన చోటు మరొకటి కనిపించడం అరుదు. కాడి విరిగినా, ఇరుసు విరిగినా, పగ్గం తెగినా జరిగిన హానికి శిక్ష లేదని చెబుతూ, తొలగిపొమ్మని తోలేవాడు గట్టిగా అరిచిన సందర్భాన్ని కూడా ఆ మినహాయింపుల్లో చేర్చింది. ఈ చివరి మినహాయింపు ఎద్దుబండి వేగానికి సరిపోతుందేమో గాని, మూడేళ్ల బిడ్డకు అరుపు అర్థం కాదు, 80 కిలోమీటర్ల వేగంలో అరుపు చేరేలోపే బండి చేరుతుంది. హారన్ కొట్టాను గనుక నా తప్పు లేదనే వాదానికి నేడు ధర్మబలం లేదు. అదే భాగంలో ఇంకో నియమం ఉంది, దానికి మాత్రం కాలదోషం పట్టలేదు. తోలేవాడు సమర్థుడైతే దండన అతనికే, తోలేవాడు అసమర్థుడైతే ఆ బండిలో కూర్చున్నవారందరికీ తలా వంద పణాల దండన. అటువంటివాడు తోలే బండిలో ఎక్కి కూర్చోవడం కూడా ఒక కర్మేనన్నది దాని అభిప్రాయం. సన్‌రూఫ్‌లోంచి పిల్లలు తల బయటపెట్టి నిలబడితే ముచ్చటగా ఫొటో తీసిన పిన్ని, పెళ్లిలో మందు పుచ్చుకున్న మరిది చేతికి తాళంచెవి ఇచ్చిన బావ, వేగం ముల్లు వంద దాటినా కొడుకు మీది మొహమాటంతో మాట్లాడని తండ్రి, వీరంతా ఆ నియమం కిందికి వస్తారు. కారు కొనేటప్పుడు మూడు తరాలూ కలిసి షోరూముకు వెళ్తాయి, పూజకు కలిసి వెళ్తాయి. నడిచేటప్పుడు మాత్రం బాధ్యత స్టీరింగ్ దగ్గర కూర్చున్న ఒక్కడిదే అనుకోవడం ఆ కలయికకు తగదు. వెనక సీట్లోని నానమ్మకు బండి నడపడం రాకపోవచ్చు, కాని ఊరు దగ్గరపడినప్పుడు జర నిమ్మళంగ పోనియ్యి బిడ్డా అని చెప్పే అధికారం ఆమెకు ఉంది, ఆ మాట విని వేగం తగ్గించడం ఆ కొడుకు బాధ్యత.